కన్నవాళ్ళను వెతుక్కోవాలంటే విశాఖలో ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా వెళ్ళాలి

పెంపకానికి వచ్చినవాళ్ళు పెద్దయ్యాక కన్నవాళ్ళెవరో తెలుసుకోవాలనుకోవడం పెంచినవాళ్ళకు చేసే ద్రోహం కాదు. ఈ మాట ముందే మనసులో గట్టిగా పెట్టుకోండి, ఎందుకంటే వెతకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి బంధువులు, ఆఫీసుల్లో గుమస్తాలు, ఎవరు పడితే వాళ్ళు "అంత బాగా పెంచారు కదమ్మా, ఇంకేం తక్కువైందని" అంటారు. తక్కువై ఎవరూ వెతకరు. డాక్టరు "మీ వాళ్ళలో ఎవరికైనా షుగరుందా, గుండెజబ్బుందా" అని అడిగినప్పుడు ఏం చెప్పాలో తెలియకపోవడం, పెళ్ళిచూపుల్లో "అమ్మాయిది ఎవరి పోలికండీ" అని ఎవరో మామూలుగా అంటే ఇంట్లోవాళ్ళంతా ఒక్కసారి మాట మార్చేయడం, ఇవి పడ్డవాళ్ళకే తెలుస్తాయి. నేనూ అలా వచ్చినదాన్నే, విశాఖలోనే పెరిగాను. నా పని అయ్యాక ఇంకొందరికి తోడుగా ఆఫీసులకు తిరిగాను. ఆ తిరుగుడులో తెలిసిందే ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. మీరు ఏ దారిన ఈ ఇంటికి వచ్చారో తేలకుండా ఏ ఆఫీసుకూ వెళ్ళకండి. ఒక్కో దారికి కాగితం ఒక్కోచోట ఉంటుంది, అది తెలియకుండా వెళ్తే నెలల తరబడి తప్పు గుమ్మం ముందు నిలబడతారు. రెండోది, అవతల ఒక మనిషి ఉంది. ఆవిడకు ఇప్పుడు భర్త, పిల్లలు, కోడళ్ళు ఉండొచ్చు, మీ సంగతి వాళ్ళలో ఒక్కరికీ తెలియకపోవచ్చు. మీరు వేసే ప్రతి అడుగూ ఆవిడ ఇంటి గుమ్మంలో పడుతుందనుకునే వేయండి.

ముందు ఇంట్లో అడగండి

అమ్మానాన్నలకు తెలియకుండా వెతకొద్దు. విశాఖ ఎంత పెరిగినా మన కులం, మన పేట, మన ఆఫీసు అని చూసుకుంటే చిన్న ఊరే, ఎవరో ఒకరు వాళ్ళ చెవిన వేసేస్తారు. అలా తెలిసినప్పుడు వాళ్ళు పడే బాధ మీరు ఎదురుగా కూర్చుని అడిగితే పడే బాధ కంటే చాలా ఎక్కువ. పండగపూట, పెళ్ళిపనుల్లో, ముఖ్యంగా ఇంట్లో ఆస్తి మాటలు నడుస్తున్నప్పుడు అడగకండి. ఇలా అడిగి చూడండి: "అమ్మా, నేను ఎక్కడికీ పోను, నీ కూతుర్నే. నన్ను ఎవరు కన్నారో, ఎందుకు ఇచ్చారో తెలుసుకోవాలని ఉంది. నీకు తెలిసినంత చెప్పు, మిగతాది నీకు చెప్పే వెతుక్కుంటాను." ఏడిస్తే ఆ రోజుకి ఆపేయండి. చాలామంది తల్లులు ఒక్కసారి చెప్పరు. వంటింట్లో ఒక ముక్క, బస్సులో ఒక ముక్క, మరో ఏడాది మరో ముక్క చెప్తారు. ప్రతి ముక్కనూ తేదీ వేసి ఒక పుస్తకంలో రాసుకోండి, మీకు అనవసరం అనిపించినది కూడా.

అడగాల్సినవి ఇవి: ఏ నెలలో ఇంటికి తెచ్చారు, అప్పటికి ఎన్ని రోజుల బిడ్డ, ఏ ఊరు వెళ్ళి తెచ్చుకున్నారు, మధ్యలో ఎవరున్నారు (నర్సు, డాక్టరమ్మ, మంత్రసాని, చర్చి సిస్టర్, దూరపు చుట్టం), ఏ కాగితం మీద సంతకం పెట్టారు, స్టాంపు పేపరా తెల్లకాగితమా, కోర్టుకు వెళ్ళారా, నా పేరు మీరు పెట్టిందా వచ్చేటప్పటికే ఉందా. ఈ చివరి ప్రశ్న మర్చిపోకండి. ఉత్తరాంధ్రలో పేరే సగం చిరునామా: అప్పన్న, సింహాచలం అంటే సింహాచలం కొండ చుట్టుపక్కల, నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి వైపు, పైడితల్లి, పైడిరాజు అంటే విజయనగరం వైపు ఎక్కువ. కచ్చితం అని కాదు, కానీ ఎటు తిరగాలో చెప్తుంది.

పెంచినవాళ్ళు పోయి ఉంటే మేనత్తను, పెద్దమ్మను, మీ బారసాలకు వచ్చినవాళ్ళను అడగండి. నాన్న పోర్టులోనో రైల్వేలోనో స్టీల్ ప్లాంట్‌లోనో చేసి క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళయితే ఇంకా మంచిది. సాలిగ్రామపురంలో, రైల్వే కాలనీలో, ఉక్కునగరంలో పక్కవాటా ఆంటీలకు తెలియంది ఉండదు. కడుపు కనపడకుండానే ఇంట్లోకి బిడ్డ వచ్చిన ఇల్లు వాళ్ళకు ముప్పై ఏళ్ళయినా గుర్తుంటుంది.

తర్వాత బీరువాలో కాగితాలు. బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ కాదు, రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. రెండింటి మధ్య ఏడాది కంటే ఎక్కువ తేడా ఉంటే అది ఆలస్యపు నమోదు, దానికి పైఅధికారి ఉత్తర్వు కావాలి, మన దగ్గర సాధారణంగా ఆర్డీవో ప్రొసీడింగ్స్ ఉంటాయి, ఆ ఫైల్లో ఎవరో ఒకరు అఫిడవిట్ ఇచ్చి ఉంటారు. పుట్టిన స్థలం దగ్గర ఆసుపత్రి పేరుందా, ఇంటి చిరునామా ఉందా చూడండి. పాత రేషన్ కార్డులో మీ పేరు మొదట్నుంచీ ఉందా, తర్వాత చేర్చారా? స్కూల్లో మొదటిసారి చేర్చినప్పటి రిజిస్టర్‌లో ఏం రాశారు? ఉద్యోగుల ఇళ్ళలో మెడికల్ బుక్కు ఉంటుంది, దత్తత పిల్లల్ని అందులో చేర్చాలంటే చాలాచోట్ల దత్తత పత్రం నకలు అడుగుతారు, అంటే ఇంట్లో పోయిన కాగితం ఆఫీసు ఫైల్లో బతికి ఉండే అవకాశం ఉంది.

ఏ దారిన వచ్చారో తేల్చుకోండి

మన దగ్గర ఎక్కువగా కనపడేవి నాలుగు దారులు. చుట్టాల్లోనే ఇచ్చిపుచ్చుకున్నది, రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకున్నది, శిశుగృహ లాంటి సంస్థ నుంచి కోర్టు ఉత్తర్వుతో తెచ్చుకున్నది, ఏ కాగితమూ లేకుండా ఆసుపత్రి నుంచో మంత్రసాని చేతి నుంచో నేరుగా తెచ్చుకుని బర్త్ సర్టిఫికెట్‌లో తమ పేర్లే రాయించుకున్నది.

చుట్టాల్లోనైతే ఆఫీసులతో పనిలేదు. పిన్ని అనుకున్న మనిషే అమ్మ అయి ఉంటుంది. అక్కడ కష్టం ఎలా వెతకాలన్నది కాదు, తెలిశాక ఆదివారం భోజనానికి అదే ఇంటికి ఎలా వెళ్ళాలన్నది. తొందరపడి పదిమందిలో అడక్కండి.

దత్తత పత్రం ఉంటే

1956 నాటి హిందూ దత్తతల చట్టం కింద పత్రం రాయడం తప్పనిసరి కాదు గానీ, రాసి రిజిస్టర్ చేయిస్తే దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు నమ్ముతుంది, అందుకే ఉద్యోగస్తులు, ఆస్తిపరులు రాయించుకునేవాళ్ళు. ఈ పత్రం ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే కనపడదు, ఈసీలో స్థిరాస్తి లావాదేవీలే ఉంటాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నాలుగో పుస్తకం అని ఒకటి ఉంటుంది, దానికి పేర్ల ఇండెక్స్ వేరే ఉంటుంది, అందులో పెంచిన తండ్రి పేరుతో, సుమారు సంవత్సరంతో వెతకమని దరఖాస్తు పెట్టాలి. ఆ పుస్తకం నకలు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వరు, రాసుకున్నవాళ్ళకు, ఆ పత్రం కింద హక్కున్నవాళ్ళకే ఇస్తారు, కాబట్టి మీ ఆధార్, బర్త్ సర్టిఫికెట్, వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్ళండి. అప్పట్లో మీవాళ్ళు ఉన్న చోటును బట్టి ఆఫీసు మారుతుంది: గాజువాక, పెందుర్తి, భీమిలి, అనకాపల్లి ఇలా. ఒకచోట లేదంటే పక్క ఆఫీసులో అడగండి, ఇచ్చినవాళ్ళ ఊరి ఆఫీసులో కూడా రాయించి ఉండొచ్చు.

నకలు చేతికొస్తే కన్న తల్లిదండ్రుల పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, ఊరు, వృత్తి దొరుకుతాయి. అక్కడితో ఆగకండి, కింద సాక్షుల సంతకాలు చూడండి. కన్నవాళ్ళు వలస పోయి ఉండొచ్చు, సాక్షి మాత్రం చాలాసార్లు ఆ ఊళ్ళోనే ఉంటాడు.

ఏజెన్సీ వైపు నుంచి, అంటే పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళయితే ఒక సంగతి: ఆ దత్తత చట్టం షెడ్యూల్డు తెగలకు మామూలుగా వర్తించదు, వాళ్ళలో ఆచారం ప్రకారమే ఇచ్చిపుచ్చుకుంటారు, కాగితం దొరక్కపోతే ఏదో దాచారని అనుకోకండి.

శిశుగృహ, అనాథాశ్రమం ద్వారా వచ్చినవాళ్ళు

ఇది కాస్త పద్ధతిగా నడిచే దారి. దత్తతలను దేశం మొత్తం మీద చూసేది ఢిల్లీలోని కారా (CARA) అనే కేంద్ర సంస్థ, 1990లో పెట్టారు. దత్తత నిబంధనల్లో మూలాల అన్వేషణకు చోటుంది. 18 ఏళ్ళు నిండితే మీ అంతట మీరే కారాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు. అంతకంటే చిన్నవాళ్ళయితే వాళ్ళతో కలిసి పెట్టాలి. మీ గుర్తింపు కార్డు, దత్తత ఉత్తర్వో పత్రమో ఉంటే అది జత చేయండి. అనుమానాలుంటే కారా హెల్ప్‌లైన్ 1800 11 1311. అక్కడి నుంచి అది రాష్ట్రానికి, ఆ తర్వాత జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వస్తుంది, ఆఫీసుల్లో దీన్ని డీసీపీయూ అంటారు. దరఖాస్తు ఢిల్లీకి పెట్టి ఇంట్లో కూర్చోకుండా, దాని కాపీ పట్టుకుని విశాఖ డీసీపీయూకు మీరే వెళ్ళి కలవండి, ఫైలు వెతికేది చివరికి అక్కడి మనిషే.

నిబంధనల్లో మీరు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ బదులు ఇంకొకరు వెతకడానికి ఒప్పుకోరు, అంటే ఫలానా ఏజెంటు నా తరఫున వస్తాడంటే కుదరదు. బిడ్డను అప్పగించేటప్పుడు తల్లి తన పేరు బయటపెట్టొద్దని కోరి ఉంటే ఆవిడ ఒప్పుకోలు తీసుకున్నాకే చెప్తారు. ఆవిడ ఒప్పుకోకపోయినా, దొరక్కపోయినా, ఏ పరిస్థితుల్లో అప్పగించిందో ఆ కారణాలు మీకు చెప్పాలి. ఇది దయ కాదు, నిబంధన. "చెప్పకూడదమ్మా" అని పంపించేస్తుంటే ఈ ఒక్క విషయం మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి.

2011లో కారా ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది, అంతకుముందు అంతా కాగితమే, కాబట్టి మీ వయసువాళ్ళ వివరాలు కంప్యూటర్‌లో కనపడలేదంటే లేవని కాదు. ఇప్పుడు దత్తత ఉత్తర్వులు కలెక్టర్ ఇస్తున్నారు, 2022 సెప్టెంబరు నుంచి. అంతకుముందు కోర్టులే ఇచ్చేవి. మీ దగ్గర ఓపీ నంబరు, అంటే కోర్టులో వేసిన ఒరిజినల్ పిటిషన్ నంబరు, సంవత్సరం ఉన్న కాగితం ఏదైనా ఉంటే జిల్లా కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి ఉత్తర్వుతోపాటు పిటిషన్, దానికి జతచేసిన పత్రాల నకళ్ళు కూడా అడగండి. ఉత్తర్వు ఒక పేజీ ఉంటుంది, అసలు కథంతా జతపత్రాల్లో ఉంటుంది. క్రైస్తవులు, ముస్లింలు పెంచుకున్న పిల్లలకు పాతరోజుల్లో 1890 నాటి గార్డియన్ చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉత్తర్వు ఇచ్చేవారు, అవీ కోర్టులోనే ఉంటాయి. ఆశ్రమం మూతబడిందంటే రికార్డులు ఎవరికి అప్పగించారని డీసీపీయూను రాతపూర్వకంగా అడగండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పనికొస్తుంది, జిల్లా ఆఫీసులో పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. అందులో తల్లి పేరు అడగకండి, వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపేస్తారు. మీ గురించే అడగండి: "ఫలానా సంవత్సరంలో మీ సంస్థ నుంచి దత్తత వెళ్ళాను. నాకు సంబంధించిన అడ్మిషన్ రిజిస్టర్ పేజీ, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు, వైద్య పరీక్షల నకళ్ళు ఇప్పించగలరు."

ఆ అడ్మిషన్ పేజీ దొరికితే ఒక్కో అక్షరం చదవండి. బరువు, తెచ్చిన గంట, ఎవరు తెచ్చారు, ఒంటిమీద ఏముంది. బొడ్డుకు ప్లాస్టిక్ క్లిప్పు ఉందని రాస్తే ఆసుపత్రి పురుడు, దారం కట్టి ఉంటే ఇంటి పురుడు అయి ఉండొచ్చు, కానీ పాతరోజుల్లో ఆసుపత్రుల్లోనూ దారం కట్టేవారు కాబట్టి అదొక్కటే పట్టుకుని తేల్చేయకండి. నా పేజీలో "నల్లటి మొలతాడు, దానికి రాగి కాసు" అని నీలం సిరాతో ఒక ముక్క ఉంది. మొలతాడు పుట్టిన గంటలో ఎవరూ కట్టరు, పురిటిస్నానం రోజునో బారసాలనాడో కడతారు. అంటే నన్ను కొన్ని రోజులు ఇంట్లో ఉంచుకున్నారు, పురిటిస్నానం చేయించారు, ఎవరో దుకాణానికి వెళ్ళి తాడు తెచ్చారు, ఒక ఇంటికి నేను తెలుసు. ఆసుపత్రుల రిజిస్టర్లు వదిలేసి ఇళ్ళ వైపు తిరగాలని నాకు అక్కడే అర్థమైంది.

దొరికిన పిల్ల అని రాసి ఉంటే

పోలీసులకు దొరికినట్టు ఉంటే ఏ స్టేషనో చూడండి. కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, పోలీస్ ఔట్‌పోస్ట్ ఉంది, రైల్వే స్టేషన్‌లో దొరికితే అది రైల్వే పోలీసుల కిందకు వస్తుంది, మామూలు స్టేషన్‌లో అడిగితే దొరకదు. 2024 జూలైకి ముందు బిడ్డను వదిలేసిన కేసులు ఐపీసీ 317 కింద కట్టేవారు, నంబరు, సంవత్సరం తెలిస్తే ఎఫ్ఐఆర్ నకలు కోర్టు నుంచి ప్రయత్నించవచ్చు. ఇలా దొరికిన పిల్లల గురించి దత్తతకు ఇచ్చే ముందు పేపర్లో ఫోటోతో ప్రకటన వేస్తారు, తల్లిదండ్రులు ఎవరైనా వస్తారేమోనని. ఈనాడు 1974లో మొదలైందే విశాఖలో, పాత ఫైళ్ళ కోసం ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో, ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీలో అడిగి చూడండి. మీరు ఆశ్రమంలో చేరిన తేదీ తర్వాతి కొన్ని నెలల జిల్లా పేజీలు తిరగేస్తే చాలు.

కాగితమే లేనివాళ్ళు

ఇది కష్టమైన దారి, జాగ్రత్తగా వెళ్ళాల్సిన దారి కూడా. బర్త్ సర్టిఫికెట్‌లో పెంచినవాళ్ళ పేర్లే కన్నవాళ్ళుగా ఉన్నప్పుడు, మీరు ఆఫీసులో గట్టిగా అడిగితే పెంచిన అమ్మానాన్నలకు, రేపు మీ ఆస్తి హక్కుకు ఇబ్బంది రావొచ్చు. అందుకే ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి. ఖర్చుకు వెనకాడితే కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సాయం ఉంటుంది.

తర్వాత ఆసుపత్రి. కేజీహెచ్, పాతబస్తీలో మనం ఘోషాసుపత్రి అనే విక్టోరియా ఆసుపత్రి, ఈ రెండింట్లోనే ఊళ్ళో పేదింటి పురుళ్ళు ఎక్కువగా జరిగేవి. కేస్ షీట్లు ఎక్కువకాలం ఉంచరు, కానీ లేబర్ రూమ్ రిజిస్టర్ వేరు, అందులో తేదీ, తల్లి పేరు, ఊరు, ఆడపిల్లా మగపిల్లాడా, బరువు ఒక్క వరుసలో ఉంటాయి. అది ఇంకా ఉందా, చూసే వీలుందా అని మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో సూపరింటెండెంట్‌కు దరఖాస్తు పెట్టండి. రికార్డు గదిలోకి తీసుకెళ్తానని చెయ్యి చాపేవాడికి డబ్బు ఇవ్వకండి. మీకు ఏ పేరు కావాలో కనిపెట్టి ఆ పేరే చెప్తాడు. జనన రిజిస్టర్‌లో ఒక నమోదు కోసం వెతికించి నకలు తీసుకునే వీలు 1969 నాటి జనన మరణాల చట్టమే ఇస్తోంది, అయితే పేరు, తేదీ చేతిలో ఉండాలి. జీవీఎంసీలో, అంటే విశాఖ నగరపాలక సంస్థలో, అడిగేటప్పుడు గుర్తుంచుకోండి, గాజువాక 2005లో, భీమిలి, అనకాపల్లి 2013లో కలిశాయి, అంతకుముందు పుట్టినవాళ్ళ రిజిస్టర్లు ఆ మున్సిపాలిటీలవి.

అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చేది మధ్యలో ఉన్న మనిషి. రిటైరైన నర్సు, ఆయమ్మ, మంత్రసాని. వీళ్ళ దగ్గరకు కాగితం, పెన్ను పట్టుకుని వెళ్ళకండి, ఫోన్ రికార్డింగ్ అసలొద్దు. కేసు అవుతుందన్న భయం ఉంటుంది. "ఎవరి మీదా కోపం లేదమ్మా, నువ్వు లేకపోతే నేను ఉండేదాన్నే కాదు" అని చెప్పి కూర్చోండి. ఒక్కరోజులో చెప్పరు.

ఊరు దొరికాక

కాగితంలో "విశాఖ జిల్లా" అని ఉంటే మోసపోకండి. 1979 జూన్‌కు ముందు విజయనగరం జిల్లా లేదు, 2022 ఏప్రిల్‌కు ముందు అనకాపల్లి, అల్లూరి జిల్లాలు లేవు. పాత కాగితంలో విశాఖ జిల్లా అంటే ఇప్పుడు నర్సీపట్నం పక్క ఊరో పాడేరు పక్క ఊరో కావొచ్చు.

ఇంకొకటి, ఆ ఊరే లేకపోవచ్చు. స్టీల్ ప్లాంట్ కోసం భూములు తీసుకున్నప్పుడు ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయాయి, ఆ జనం వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసిత కాలనీల్లో ఉన్నారు. నిర్వాసితులుగా వాళ్ళకు ఇచ్చిన కార్డును ఆర్ కార్డు అంటారు. అక్కడ పాత ఊరి పేరు చెప్పి, ఇంటిపేరు చెప్పి, "ఆర్ కార్డు ఉన్న ఫలానావాళ్ళు ఏ సెక్టార్‌లో ఉంటారు" అంటే పెద్దవాళ్ళు చెప్పేస్తారు. ఇంటిపేరుతో ఓటర్ల జాబితా కూడా చూడొచ్చు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో తెలుగులోనే ఉంటుంది, తండ్రి లేదా భర్త పేరుతో సహా. ఈ పనులన్నీ "మా నాన్నగారి స్నేహితుల్ని వెతుకుతున్నాం" లాంటి మాటతో చేయండి. టీకొట్టు దగ్గర నిలబడి మీ కథ చెప్పారంటే మీరు బస్సెక్కేలోపు అది ఆవిడ వాకిట్లో ఉంటుంది. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తల్లి పేరు, ఊరు పెట్టడం కూడా అంతే, ఇంకా ఘోరం. దయచేసి చేయొద్దు.

డీఎన్‌ఏ గురించి

విదేశీ కంపెనీల డీఎన్‌ఏ పరీక్షల్లో మనవాళ్ళు తక్కువే ఉంటారు, ఒకవేళ చుట్టం తగిలినా అంకెల్ని తొందరపడి నమ్మకండి. మామూలుగా అక్కచెల్లెళ్ళ పిల్లల మధ్య ఎనిమిదో వంతు, మేనమామకు మేనకోడలికి మధ్య నాలుగో వంతు కలుస్తుంది. మన దగ్గర మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు తరతరాలుగా ఉన్నాయి, దాంతో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనపడతాడు. ఆ లెక్కతో "మీరు నా అన్నయ్య" అని మెసేజ్ పెట్టేశారంటే ఒక ఇల్లు తలకిందులవుతుంది. ఫలానావిడే తల్లి అని ఇద్దరికీ అనిపించాక, ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, మంచి ల్యాబ్‌లో తల్లీబిడ్డల పరీక్ష చేయించుకోవడం వేరే సంగతి, అది చేయించుకోవాలి కూడా. డబ్బు తీసుకుని తల్లిని చూపిస్తామనేవాళ్ళు తగిలితే ఈ పరీక్ష అయ్యేదాకా ఒక్క రూపాయి ఇవ్వకండి.

విదేశాల్లో పెరిగి ఇక్కడికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఇలా డబ్బు అడిగేవాళ్ళకే దొరికిపోతారు. వాళ్ళు తమ దేశంలోని దత్తత ఏజెన్సీ నుంచి ఇక్కడి కోర్టు ఉత్తర్వు నకలు తెచ్చుకుని కారా ద్వారానే రావడం మంచిది. దుభాషిగా ఆ ఊరి మనిషిని పెట్టుకోవద్దు.

మొదటి కబురు

ఇక్కడ నిదానించండి. సంస్థ ద్వారా వచ్చినవాళ్ళయితే మీరు వెళ్ళకండి, డీసీపీయూ సోషల్ వర్కర్‌నే వెళ్ళనివ్వండి. మిగతావాళ్ళు నడివయసు దాటిన, నోరు జారని ఒక ఆడమనిషిని పంపండి. ఆ ఊరి మనిషి, ఆ ఊరి ఆశా వర్కర్ వద్దు, ఎంత మంచివాళ్ళయినా సరే. ఉత్తరం రాయాలని అందరికీ అనిపిస్తుంది. ఆవిడకు చదువు వచ్చో రాదో ముందు తెలుసుకోండి, రాకపోతే మీ ఉత్తరం కొడుకు చేతనో కోడలి చేతనో చదివించుకోవాల్సి వస్తుంది. ఫోన్ కూడా ఇంట్లో ఒకటే ఉండి భర్త ఎత్తవచ్చు. అందుకే నోటిమాటే మేలు, ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు. వెళ్ళేవాళ్ళు చెప్పాల్సింది ఇంతే:

"చాలాకాలం కిందట మీరు కన్న ఆడపిల్ల క్షేమంగా ఉందమ్మా. చదువుకుంది, దానికీ పిల్లలున్నారు. డబ్బుకు, ఆస్తికి రాలేదు. మీరు బాగున్నారో లేదో తెలుసుకోమంది. మాట్లాడాలనిపిస్తే ఈ నంబరుకు మీరే చేయండి. వద్దనుకుంటే మళ్ళీ ఎవరూ రారు."

ఆస్తి మాట తప్పకుండా చెప్పించండి. చట్టప్రకారం దత్తత వెళ్ళిన బిడ్డకు కన్నవారి ఇంట్లో వారసత్వం ఉండదు, కానీ ఆ ఇంట్లోవాళ్ళకు మొదట వచ్చే భయం అదే. ఒక నిషేధం మాత్రం అలాగే ఉంటుంది: పుట్టింటి వరసల్లో ఎవరిని పెళ్ళి చేసుకోకూడదో దత్తత వెళ్ళాక కూడా వాళ్ళను చేసుకోకూడదు. పెళ్ళికాని వాళ్ళు వెతకడానికి ఇదీ ఒక సరైన కారణమే.

ఆవిడ కలుస్తానంటే చోటు ఆవిడనే చెప్పమనండి. ఇంట్లో ఎవరూ "ఎక్కడికి" అని అడగని చోటు కావాలి: గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి, సింహాచలం కొండ, కేజీహెచ్ ఓపీ. ఇంటినిండా పళ్ళు, చీరలు పట్టుకెళ్ళకండి, తిరిగి ఇంటికి వెళ్ళాక అవి ఎక్కడివని అడిగితే ఆవిడ ఏం చెప్తుంది? "ఎందుకు వదిలేశావు" అని మొదట అడగకండి. అడగాలని గొంతు దాకా వస్తుంది, నాకు తెలుసు. ఆవిడ ఆ ప్రశ్న కోసమే ఇన్నేళ్ళుగా భయపడుతూ ఉంటుంది. "తిన్నావా అమ్మా" అనండి, మీ సంగతులు చెప్పండి, మీ పిల్లల ఫోటో చూపించండి, కారణం చాలాసార్లు అడగకుండానే బయటికి వస్తుంది. షుగర్, బీపీ, గుండె, చిన్నప్పుడే పోయినవాళ్ళెవరైనా ఉన్నారా, ఇవి మాత్రం ఆ రోజే తెలుసుకోండి, రెండోసారి కలుస్తారో లేదో చెప్పలేం. ఆవిడ వైపు నుంచి ఎవరైనా డబ్బు అడగడం మొదలుపెడితే మొదట్లోనే ఒక హద్దు చెప్పేయండి.

ఆ సాయంత్రం ఒంటరిగా ఉండకండి. స్నేహితురాలి ఇంటికి వెళ్ళండి, లేదా తిన్నగా పెంచిన అమ్మ దగ్గరికే వెళ్ళండి.

వద్దు అంటే

వద్దంటే వద్దే. మళ్ళీ వెళ్ళకూడదు, చెల్లెల్నో తమ్ముణ్ణో పట్టుకుని వెనకదారిన వెళ్ళకూడదు. ఈ మాట రాయడం నాకు సులువు కాదు, మీకు వినడం అంతకంటే కష్టం. కానీ ఆవిడ ఆ "వద్దు" వెనక ఎవరున్నారో, ఏ భయం ఉందో మీకు కనపడదు. సోషల్ వర్కర్ ద్వారా ఆరోగ్య వివరాలు మాత్రం చెప్పమని ఒక్కసారి అడిగించండి. ఆ తర్వాత మీ తరఫున ఒక పేజీ ఉత్తరం రాసి, మీ పేరు, ఫోన్ నంబరు, ఒక ఫోటోతో కవరులో పెట్టి, మీ ఫైల్లోనే ఉంచమని సంస్థకు, డీసీపీయూకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఐదేళ్ళకో పదేళ్ళకో భర్త పోయాకో, పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాకో వచ్చి అడిగే తల్లులు ఉంటారు, అప్పుడు ఆ ఫైల్లో మీ నంబరు ఉండాలి. ఇల్లు మారినా, సిమ్ మారినా వెళ్ళి కొత్తది రాయించి రండి.